పన్నెండో రోజున మొదలైన మాత్ర: పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపంపై ఒక కేస్ స్టడీ

విశాఖపట్నంలో పిల్లల వైద్యురాలిగా పనిచేస్తూ నేను నాలుగేళ్లుగా చూస్తున్న ఒక పాప వైద్య వివరాలను తల్లిదండ్రుల అనుమతితో ఇక్కడ నమోదు చేస్తున్నాను. కుటుంబాన్ని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని సంగతులు మార్చాను. కొలతలు, మోతాదులు, రోజుల లెక్క మాత్రం కేస్ షీటులో ఉన్నవే.

పాప నవంబరు నెలలో, కాన్పు తేదీ దాటిన అయిదు రోజులకు, నేను పిల్లలను చూసే ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో సహజ కాన్పులో పుట్టింది. బరువు 3.35 కిలోలు. పుట్టగానే ఏడ్చింది, గంట లోపే తల్లి పాలు పట్టింది. తల్లికి ఇది తొలి కాన్పు. గర్భిణిగా ఉన్నప్పుడు చేసిన థైరాయిడ్ పరీక్షలో తేడా ఏమీ లేదు. తల్లిదండ్రులది మేనరికం, తల్లి తన మేనత్త కొడుకునే పెళ్లాడింది. తండ్రి ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకు వెళ్లే మరబోటులో పనిచేస్తాడు. ఈ చివరి రెండు సంగతుల్లో మొదటిది జబ్బు కారణానికి, రెండోది దాన్ని పట్టుకోవడంలో జరిగిన ఆలస్యానికి సంబంధించినవి.

పుట్టిన 52 గంటలకు, అంటే మూడో రోజున, థైరాయిడ్ లోపాన్ని పట్టుకునే పరీక్ష కోసం మడమ పక్క భాగంలో చిన్న సూదితో గుచ్చి, మొదటి చుక్కను తుడిచేసి, తరువాతి చుక్కలను ఫిల్టర్ కాగితం మీది వలయాల్లో నింపాము. ఈ పరీక్షలో సమయం చాలా ముఖ్యం. గర్భంలోని వెచ్చదనం నుంచి బయటి చలిలోకి రాగానే శిశువు శరీరంలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే పిట్యూటరీ హార్మోను; థైరాయిడ్ సరిగా పనిచేయకపోతే ఇది పెరుగుతుంది) అరగంట లోపే 60–80 యూనిట్ల దాకా ఎగబాకి, తరువాతి ఒకటి రెండు రోజుల్లో క్రమంగా దిగివస్తుంది. కాబట్టి తొలి రోజున తీసిన రక్తంలో ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు కూడా అంకె ఎక్కువగా కనిపించి, తల్లిదండ్రులను అనవసరంగా భయపెట్టే ప్రమాదం ఉంది. 48 నుంచి 72 గంటల మధ్య తీసిన నమూనా అన్నిటికన్నా నమ్మదగినది. సహజ కాన్పు అయినవారిని ఒక్క రోజుకే ఇంటికి పంపే ఆసుపత్రులు మన నగరంలో చాలా ఉన్నాయి. అటువంటి చోట బొడ్డుతాడు రక్తంతో పరీక్ష చేయించడం, అసలు చేయించకపోవడం కంటే ఎంతో మేలు.

కాగితాన్ని ఆరబెట్టడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. రక్తం కాగితం రెండో వైపుకు పూర్తిగా ఇంకాలి. ఆ తరువాత కార్డును ఎండ తగలని చోట, దేనికీ ఆనకుండా, అడ్డంగా పెట్టి కనీసం మూడు నాలుగు గంటలు గది ఉష్ణోగ్రత దగ్గరే ఆరనివ్వాలి. సముద్రపు తేమ నిండిన మన ఊరి గాలిలో దీనికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. తొందరపడి తడి కార్డులను ఒకదాని మీద ఒకటి పేర్చి కవరులో పెట్టిన సందర్భాల్లో ల్యాబు వాటిని తిప్పి పంపింది. తిరిగి వచ్చిన ప్రతి కార్డూ ఒక శిశువు జీవితంలో నాలుగైదు రోజుల నష్టమని మా నర్సులకు చెప్పి, కార్డులు ఆరబెట్టడానికి వేరే బల్ల కేటాయించాము.

పాప నివేదిక వేరే నగరంలోని ల్యాబు నుంచి ఏడో రోజున వచ్చింది. టీఎస్‌హెచ్ 46 అని ఉంది. ఇది ఎండిన రక్తపు చుక్కలో కొలిచిన అంకె. దీన్ని సీరం (రక్తకణాలు తీసేసిన తేట ద్రవం) విలువలోకి మార్చాలంటే 2.2తో గుణించాలి, అంటే దాదాపు 101. ఏ ల్యాబు ఏ లెక్కలో ఇస్తున్నదో నివేదికలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. సీరం లెక్కలో 20 దాటితే అనుమానించాలన్న గీతను గుర్తుపెట్టుకున్న వైద్యుడు, ఎండిన చుక్క లెక్కలో వచ్చిన 15ను చూసి ఫరవాలేదనుకునే అవకాశం ఉంది. నిజానికి ఆ 15 సీరం లెక్కలో 33 అవుతుంది. మన దేశపు పిల్లల ఎండోక్రైన్ వైద్యుల సంఘం మార్గదర్శకాల ప్రకారం సీరం లెక్కలో 20 నుంచి 40 మధ్య ఉంటే ఏడు నుంచి పది రోజుల వయసులో మళ్లీ చుక్క పరీక్ష చేయాలి; 40 దాటితే మరో చుక్క కోసం ఆగకుండా వెంటనే పిలిపించి సిర నుంచి రక్తం తీయాలి. ఈ పాపది రెండో కోవ.

వెంటనే పిలిపించాలి, కానీ ఎవరిని పిలవాలి? మా ఫారంలో ఉన్న ఒకే ఒక్క ఫోను నంబరు తండ్రిది. అతను వేటకు వెళ్లి అప్పటికి నాలుగు రోజులైంది. మరబోట్లు ఒకసారి బయలుదేరితే పది పదిహేను రోజులు సముద్రం మీదే ఉంటాయి. అక్కడ ఫోను పనిచేయదు. రెండు రోజులపాటు పూటకొకసారి చేస్తూ, స్విచ్ఛాఫ్ అన్న మాటే వింటూ గడిపాము. ఆ రెండు రోజుల ఆలస్యానికి బాధ్యత పూర్తిగా నాదే; మొదటి కాల్ తగలనప్పుడే మనిషిని పంపి ఉండవలసింది. తొమ్మిదో రోజున మా నర్సు ఫారంలోని చిరునామా పట్టుకుని జాలారిపేటకు వెళితే ఇంటికి తాళం వేసి ఉంది. చేపలు అమ్ముకుని వచ్చిన పాప నాయనమ్మ కనిపించి, కోడలు బిడ్డతో పుట్టింటికి వెళ్లిందని, అది అచ్యుతాపురం అవతల తీరంలోని ఊరని చెప్పింది. ఆ ఊరిని చూసే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఫోను చేశాము. ఏఎన్ఎం ద్వారా ఆశా కార్యకర్తకు కబురు అందింది. ఆమె పదకొండో రోజు సాయంత్రం ఆ ఇల్లు వెతికి పట్టుకుని, మరునాడు ఉదయం తల్లిని, అమ్మమ్మను, బిడ్డను ఆటోలో ఎక్కించి తానే వెంట వచ్చింది. రక్తం పరీక్షకు పట్టిన కాలం నాలుగు రోజులు; దాని ఫలితం వచ్చాక తల్లి మా దగ్గరకు చేరడానికి పట్టిన కాలం అయిదు రోజులు.

పన్నెండో రోజున పాప బరువు 3.4 కిలోలు. తొలిచూపులో ఎవరికీ ఏ లోపమూ కనిపించదు. నేను అమ్మమ్మను అడిగాను, ఎందుకంటే స్నానం చేయించేది, మాడుకు ఆముదం పెట్టేది ఆమె. "ఏడుపే లేదు డాక్టరమ్మా, బుద్ధిమంతురాలు. పాలకి కూడా నేనే లేపాల" అంది. మాడు వెడల్పుగా ఉందని, వెనకవైపు కూడా మెత్తగా మరొక చోటు తగులుతోందని తానే చెప్పింది. నేను తడిమి చూస్తే వెనకటి మాడు దాదాపు సెంటీమీటరు తెరిచి ఉంది. పచ్చకామెర్లు తక్కువ స్థాయిలోనే ఉన్నా ఇంకా పూర్తిగా తగ్గలేదు. బొడ్డు దగ్గర చిన్న ఉబ్బు ఉంది. చర్మం చల్లగా, అక్కడక్కడ వల అల్లినట్టు మచ్చలుగా ఉంది. మెడ దగ్గర కంటికి ఆనే వాపు లేదు. వీటిలో ఏ ఒక్కటీ విడిగా చూస్తే అనుమానం కలిగించేది కాదు. నివేదిక చేతిలో ఉండబట్టే ఇవన్నీ ఒక వరుసలో కనిపించాయి. ఈ లోపంతో పుట్టే పిల్లల్లో నూటికి 95 మందికి పుట్టినప్పుడు చెప్పుకోదగ్గ లక్షణాలు ఉండవు. తల్లి థైరాక్సిన్ (థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోను) కొంత మాయ ద్వారా బిడ్డకు చేరి గర్భంలో కాపాడుతుంది. ఆ నిల్వ అయిపోయే కొద్దీ లోపం వారాల మీద, నెలల మీద బయటపడుతుంది. బిడ్డ ఎక్కువగా నిద్రపోవడాన్ని, తక్కువగా ఏడవడాన్ని మన ఇళ్లలో మంచి గుణంగా మెచ్చుకుంటారు. అందువల్ల కళ్లతో చూసి పట్టుకుందామనుకునే వైద్యం ఇక్కడ పనికిరాదు.

సిర నుంచి తీసిన రక్తాన్ని నగరంలోని ల్యాబులోనే అత్యవసరంగా చేయించాము. టీఎస్‌హెచ్ 150 కంటే ఎక్కువ, ఆ యంత్రం కొలవగల పైహద్దు దాటిపోయింది. ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా ఉండే థైరాక్సిన్) డెసిలీటరుకు 0.3 నానోగ్రాములు, ఈ వయసులో కనీసం 1.1 పైన ఉండాలి. మోకాలి ఎక్స్‌రేలో, నెలలు నిండిన శిశువుకు ఉండవలసిన తొడ ఎముక కింది కొన ఎముక కేంద్రం కనిపించలేదు. లోపం గర్భంలోనే మొదలై తీవ్రంగా ఉందని దాని అర్థం. మెడ అల్ట్రాసౌండులో గ్రంథి ఉండవలసిన చోటే ఉంది, రెండు వైపులా వయసుకు మించిన పరిమాణంలో ఉంది.

ఈ చివరి విషయం చికిత్సను మార్చదు, కారణాన్ని సూచిస్తుంది. పాశ్చాత్య దేశాల లెక్కల్లో ఎక్కువమంది పిల్లల్లో గ్రంథి అసలే ఏర్పడకపోవడం, చిన్నదిగా ఉండిపోవడం, లేదా నాలుక మొదలు దగ్గరే ఆగిపోవడం కనిపిస్తుంది. ఈ పాపలో గ్రంథి ఉంది, పెద్దదిగా ఉంది, కానీ హార్మోను తయారు కావడం లేదు. అంటే తయారీలో అవసరమైన ఏదో ఒక ఎంజైము లోపించి ఉండాలి. ఇటువంటి లోపాలు సాధారణంగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు లోపభూయిష్ట జన్యువులు కలిసినప్పుడే బయటపడతాయి, మేనరికాల్లో ఆ కలయికకు అవకాశం పెరుగుతుంది. జన్యు పరీక్ష ఖర్చు ఆ కుటుంబానికి మించినది, దాని వల్ల మాత్ర మారేది లేదు కనుక నేను పట్టుబట్టలేదు. తాత్కాలిక కారణాలను మాత్రం విడిచిపెట్టకుండా అడిగాను: తల్లి థైరాయిడ్ మందులేవీ వాడలేదు, బొడ్డుకు గానీ కాన్పు గాయాలకు గానీ రోజుల తరబడి అయోడిన్ ద్రావణం పూయలేదు. టెక్నీషియం స్కాను (గ్రంథి ఎక్కడ ఉందో, ఎలా పనిచేస్తోందో చూపే పరీక్ష) తీయించాలన్న ఆలోచన ఉన్నా దాని కోసం మాత్రను ఒక్క రోజు కూడా ఆపకూడదన్నది నా నిశ్చయం. మందు మొదలైన తొలి రోజుల్లో కూడా స్కాను తీయవచ్చు. బాలింత రెండోసారి ప్రయాణం చేయలేని పరిస్థితిలో దాన్ని వదిలేశాము.

ఆ మధ్యాహ్నమే లీవోథైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోను మాత్ర) మొదలైంది. తొలి మోతాదు కిలోకు రోజుకు 10 నుంచి 15 మైక్రోగ్రాములు. లోపం తీవ్రంగా ఉన్నందున పై అంచుకు దగ్గరగా, రోజుకు 50 మైక్రోగ్రాములు, అంటే కిలోకు 14.7 చొప్పున ఇచ్చాను. 50 మైక్రోగ్రాముల మాత్ర ఒకటి పూర్తిగా ఇస్తే సరిపోవడం, విరిచి సగం చేసే అవసరం లేకపోవడం ఆ ఇంటికి సులువు. మాకు అప్పుడు దీనికి పిల్లల సిరప్పు దొరకలేదు. మందుల షాపుల్లో తయారుచేయించే ద్రావణాల్లో మందు సమంగా కలవదు. అందువల్ల మాత్రనే వాడాలి. ఎలా ఇవ్వాలో చెప్పడానికి అమ్మమ్మ చేతిసంచిలోని ఉగ్గుగిన్నె బాగా ఉపయోగపడింది. మాత్రను రెండు చెంచాల మధ్య మెత్తగా నలిపి, ఉగ్గుగిన్నెలో కొద్దిపాటి తల్లిపాలలో కలిపి పట్టి, గిన్నెకు అంటుకున్న పొడిని మరికొన్ని పాలచుక్కలతో కడిగి అదీ పట్టాలని ఆమె చేతనే చేయించి చూశాను. సీసా పాలలో మందు కలపరాదు, ఎందుకంటే పాలు మిగిలితే మందూ మిగులుతుంది. రోజూ ఒకే వేళకు ఇవ్వాలి. వెంటనే కక్కితే మళ్లీ ఇవ్వాలి. మాత్రలను తేమ తగలకుండా వాటి సొంత సీసాలోనే మూత బిగించి ఉంచాలి. తరువాతి నెలల్లో ఐరన్ చుక్కలు, కాల్షియం మందు మొదలైనప్పుడు ఈ మాత్రకు, వాటికి మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి.

"ఇంత పసిబిడ్డకు రోజూ మాత్రా? అలవాటు పడిపోతే?" అని తల్లి అడిగింది. ఇది బయటి నుంచి వచ్చిన మందు కాదని, ప్రతి మనిషి మెడలోని గ్రంథి రోజూ తయారుచేసే పదార్థమే అని, పాప గ్రంథి చేయలేని పనిని మాత్ర చేస్తోందని చెప్పాను. ఉప్పు మారిస్తే తగ్గుతుందా అని నాయనమ్మ ఆ తరువాతి వారం అడిగింది. అయోడిన్ ఉప్పు ఇంటిల్లిపాదికీ మంచిదే, కానీ ఈ లోపాన్ని ఉప్పు తీర్చదు. మాత్ర ఖర్చు రోజుకు రెండు రూపాయలకు మించదని చెప్పినప్పుడు ఆ ఇంట్లో అందరి ముఖాలూ తేలికపడ్డాయి.

నేను ఇంతగా రోజుల లెక్క చూడడానికి వెనక ఇంకొక బిడ్డ ఉన్నాడు. కొన్నేళ్ల కిందట, పుట్టినప్పుడు ఏ పరీక్షా జరగని ఒక బాబును పద్నాలుగు నెలల వయసులో నా దగ్గరకు తెచ్చారు. ఇంకా కూర్చోవడం లేదని, మలబద్ధకం పోవడం లేదని తల్లి చెప్పింది. నాలుక బయటికి వచ్చి ఉంది, గొంతు బొంగురుగా ఉంది, ముఖం ఉబ్బి ఉంది. పాఠ్యపుస్తకంలోని బొమ్మను చూసినట్టే ఉంది. మాత్ర మొదలుపెట్టిన రెండు నెలల్లో ముఖం తేటపడింది, ఎత్తు పెరిగాడు, నడిచాడు. మాట మాత్రం వెనకబడే ఉంది, చదువూ అంతే. శరీరానికి జరిగిన నష్టంలో చాలా భాగం తిరిగి వస్తుంది. మెదడుకు జరిగినది రాదు. 1972లో వెలువడిన ఒక అధ్యయనంలో మూడు నెలల లోపు చికిత్స మొదలైన పిల్లల సగటు ఐక్యూ 89, మూడు నుంచి ఆరు నెలల మధ్య మొదలైనవారిది 71, ఆరు నెలలు దాటినవారిది 54గా తేలింది. అవి నవజాత శిశువులకు స్క్రీనింగ్ లేని రోజులు. తరువాత రెండేళ్లు తిరిగేసరికి కెనడాలోని క్విబెక్‌లో డాక్టర్ జాన్ డ్యుసో ఎండిన రక్తపు చుక్కతో థైరాయిడ్ లోపాన్ని పట్టుకునే పద్ధతిని ఆచరణలోకి తెచ్చారు. రెండు వారాల లోపు తగిన మోతాదులో మందు మొదలైన పిల్లలు తోటివారితో సమానంగా చదువుకోగలుగుతున్నారు.

మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అయిదు నగరాల్లో లక్షకు పైగా శిశువులను పరీక్షించినప్పుడు సుమారు 1,100–1,200 మందికి ఒకరిలో ఈ లోపం కనిపించింది. ఆ నగరాల్లో హైదరాబాదు కూడా ఉంది. పాశ్చాత్య దేశాల్లో చాలాకాలం చెప్పుకున్న లెక్క మూడు నాలుగు వేలకు ఒకరు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఈ జబ్బు పేరు ఉన్నా, పుట్టిన ప్రతి బిడ్డకూ మడమ చుక్క తీయడం దేశమంతటా నియమంగా మారలేదు. గోవాలో 2008లోనే ప్రభుత్వ ఆసుపత్రుల్లో నవజాత శిశువుల స్క్రీనింగ్ మొదలైంది. మన తీరంలో కూడా అది ప్రతి కాన్పు గదికీ రావాలని నేను మనసారా కోరుకుంటున్నాను, అడిగే ప్రతి వేదిక మీదా అదే చెబుతున్నాను.

పాప సంగతికి వస్తాను. మందు మొదలైన రెండు వారాలకు ఫ్రీ టీ4 1.9కి చేరింది, టీఎస్‌హెచ్ 18కి దిగింది. అమ్మమ్మ చెప్పిన మార్పు ఇంకా ముందే వచ్చింది: వారం తిరగకుండానే పాప పాలకోసం తానే లేచి ఏడవడం మొదలుపెట్టింది. ఇరవై ఒకటో రోజు ఉయ్యాల వేడుకను, మాత్ర వేళ తప్పకుండా జరిపారు. ఆరు వారాల వయసులో బరువు 4.4 కిలోలు, టీఎస్‌హెచ్ 1.2, కానీ ఫ్రీ టీ4 2.4కు ఎగసింది. మందు ఎక్కువైనా హానే; బిడ్డ చిరాకుగా ఉంటుంది, ఎక్కువకాలం సాగితే పుర్రె అతుకులు ముందుగా మూసుకుపోతాయి. మోతాదును 37.5 మైక్రోగ్రాములకు తగ్గించాను. తరువాత మొదటి ఏడాదంతా రెండు నెలలకొకసారి, మూడేళ్లు వచ్చేదాకా మూడు నెలలకొకసారి పరీక్షించాము. రక్తం తీసే రోజున మాత్ర వేయకుండా రమ్మని ప్రతిసారీ గుర్తుచేయవలసి వచ్చింది. వినికిడి పరీక్ష, గుండె ఎకో మామూలుగా ఉన్నాయి. ఈ పిల్లల్లో వినికిడి లోపాలు, గుండె లోపాలు ఇతర పిల్లల కంటే కొంత ఎక్కువ కనుక ఆ రెండూ తప్పనిసరి. పద్దెనిమిది నెలలప్పుడు, మూడేళ్లప్పుడు చేసిన ఎదుగుదల అంచనాల్లో పాప వయసుకు తగినట్టే ఉంది.

గ్రంథి తన చోటే ఉన్న పిల్లల్లో లోపం తాత్కాలికమా, శాశ్వతమా అన్నది మూడేళ్లు నిండాక మందు నాలుగు వారాలు ఆపి తేల్చుకోవాలి; మెదడు ఎదుగుదలలో కీలకమైన కాలం గడవకముందు ఆపకూడదు. ఎప్పుడు ఆపాలన్న ప్రశ్నకు తండ్రే సమాధానం ఇచ్చాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, ఆ రెండు నెలలు తాను ఇంట్లోనే ఉంటాడు కనుక పాప మందగించినట్టు అనిపిస్తే వెంటనే తీసుకురాగలనన్నాడు. ఏప్రిల్ చివరిలో ఆపాము. నాలుగు వారాల తరువాత టీఎస్‌హెచ్ 78, ఫ్రీ టీ4 0.5. శాశ్వత లోపమేనని తేలింది, ఆ సాయంత్రమే మాత్ర మళ్లీ మొదలైంది.

మా ఫారం మారింది. ఇప్పుడు రెండు ఫోను నంబర్లు ఉంటాయి, అందులో ఒకటి బాలింతను చూసుకునే ఆడమనిషిది కావాలి. డిశ్చార్జి తరువాత ఎవరింటికి, ఏ ఊరికి వెళ్తున్నారో, అక్కడి ఆశా కార్యకర్త ఎవరో కూడా రాస్తాము. తండ్రి వృత్తి రాసే చోట వేట అని ఉంటే నంబరు కింద ఎర్రగీత గీస్తారు. నివేదికల కోసం ఒక నర్సు రోజూ ఉదయం ల్యాబు మెయిలు తెరిచి చూసి పుస్తకంలో సంతకం చేస్తుంది, సెలవు రోజున కూడా. ఫోను ఒక పూట తగలకపోతే రెండో పూటకు మనిషి బయలుదేరాలి. నెలలు నిండకుండా పుట్టినవారికి, జబ్బుచేసి ఎన్ఐసీయూలో (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో) ఉన్నవారికి, కవలలకు మొదటి నమూనా మామూలుగా ఉన్నా రెండు నుంచి నాలుగు వారాల మధ్య రెండోసారి తీస్తున్నాము.

గత డిసెంబరులో ఆ తల్లికి రెండో కాన్పు అయింది. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉందని ముందే చెప్పి ఉంచాను. తండ్రి ఈసారి కూడా వేటలోనే ఉన్నాడు. ఫారం నింపుతున్న నర్సుకు అమ్మమ్మ తన నంబరు, ఆశా కార్యకర్త నంబరు రెండూ నోటికి చెప్పింది. మూడో రోజున తీసిన చుక్కలో టీఎస్‌హెచ్ 2.1 అని ఆరో రోజు ఉదయం నివేదిక వచ్చింది, పది నిమిషాల్లో ఆమెకు ఫోను చేశాము. రెండు వారాలకు సిర రక్తంలో మరోసారి చూశాము, బాబుకు లోపం లేదు. అక్కకు ఇప్పుడు నాలుగేళ్లు, 15 కిలోలు, రోజుకు 75 మైక్రోగ్రాములు. అంగన్‌వాడీకి వెళ్లే ముందు మాత్రను తానే అడిగి వేయించుకుంటోంది.